మార్తమ్మ గ్లాసు

1964 జనవరి 20, సోమవారం

కింది పెదవి లోపల నాలుకకు ఏదో తగులుతోంది. మెత్తగా, గుండ్రంగా, నానిన సగ్గుబియ్యం గింజంత. నిన్న లేదు. లేదో, చూసుకోలేదో.

నొక్కినా నొప్పి లేదు.

జనవరి 21

ఒకటి కాదు. పెదవిలో రెండు, ఎడమ బుగ్గలో మూడు. గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని వసారాలో ఎండకు నిలబడ్డా. పెదవి తిరగేసి చూసుకున్నా. బుగ్గ రంగులోనే ఉన్నాయి. పుండు కాదు, చీము లేదు.

ఎస్తేరు వాకిలి ఊడుస్తూ, "అంతసేపు అద్దంలో ఏంది మామయ్యా, పెళ్ళిచూపులకు పోతుండారా?" అంది. మా కోడలికి నోరెక్కువ. కొడుకు రైలింజను మీద ఫైర్‌మన్. వారంలో నాలుగు రోజులు బిట్రగుంటకూ బెజవాడకూ మధ్య బొగ్గు వేస్తూ ఉంటాడు. కనక ఇంట్లో మాట ఆమెదే.

జనవరి 23

మిషను దొర ఒకప్పుడు నాకిచ్చిన వైద్య గ్రంథం కిందికి దించా. చెద పట్టలేదు. ఈ ఇంట్లో చెద పట్టనివి నా పుస్తకాలొక్కటే.

నోటి కాన్సరు. ఆకువక్క వేసేవాళ్ళకు ఎక్కువట. మొదట్లో నొప్పి ఉండదట.

నొప్పి ఉండదట... ఆ పేజీ మూసి మళ్ళీ తెరిచా. నలభై ఏళ్ళ అలవాటు. పళ్ళూడిపోయాక కూడా మానలేదు. చిన్న ఇనపరోట్లో దంచుకుని మరీ వేసుకుంటున్నా.

మనుషులు మాట మారుస్తారు. పుస్తకం మార్చదు. నేను జీవితమంతా నమ్మింది పుస్తకాన్నే.

జనవరి 25

పోయేలోగా తేల్చుకోవలసినవి రాసుకుంటున్నా.

పాస్టరు — పన్నెండేళ్ళుగా అవే నాలుగు ప్రసంగాలు. నిద్రపోయిన నన్ను తప్పుబట్టాడు గాని నిద్రపుచ్చిన తనను కాదు. బావమరిది — నా పుస్తకాలు పదకొండు తీసుకుపోయి గొడ్లపాకలో పడేశాడు. ఒక పత్రిక ఎడిటరు — నా వ్యాసం తిప్పి పంపి, నాలుగు నెలలకు నా మాటలే తన పేరు కింద వేసుకున్నాడు.

హెడ్మాస్టరు ఉద్యోగం నాకు రావలసింది. ఒక ఆడమనిషి దొర బంగళా మెట్లెక్కి చెప్పిన నాలుగు మాటలతో పోయింది. ఆమె చనిపోయి చాలా ఏళ్ళు. ఆమె సంగతి అప్పుడే తేల్చేశా. ఇక్కడ రాయక్కర్లేదు.

జనవరి 28

రూతు బడి నుంచి రాగానే పలక విసిరేసి నా ముందు కూర్చుంటుంది. నోరు తెరుస్తుంది. "తాతా, ఎర్ర!" నా నోట్లో నలిగిన ఆకువక్క కాస్త వేలితో తీసి దాని నాలుక మీద పెట్టాలి. మా నాయనమ్మ నాకు అట్లాగే పెట్టేది. ఏడేళ్ళ పిల్ల. నాలుక బయటపెట్టి, కళ్ళు మెల్ల చేసి, ఎర్రబడిందో లేదో చూసుకుంటుంది.

ఇవాళ కూడా పెట్టా. నా జబ్బు అంటేది కాదు. పుస్తకంలో ఉంది.

ఫిబ్రవరి 1

తప్పు పని చేశా. పులిపిరులకు రాసే మైలతుత్తం గింజంత నూరి, పుల్లకు దూది చుట్టి, బుగ్గలో ఉన్న దాని మీద అద్దా. మాడిపోతే పోతుందని. నోరంతా మంట. ఉమ్మితే నెత్తురు. సాయంత్రం ఎస్తేరు కానాగంత చేపల పులుసు పోసింది. ఒక్క ముద్ద పెట్టుకుని కళ్ళనీళ్ళతో లేచా.

"కారం ఎక్కువైందా మామయ్యా?"

"నీ వంట ఎప్పుడు బాగుంది గనక."

పాపం, పులుసు బాగుంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

సంస్కారపు ఆదివారం, గుళ్ళో అందరూ ఒకే పాత్రలో ద్రాక్షరసం తాగే రోజు. పోకుండా ఉండవలసింది.

చాపల మీద వరసగా కూర్చున్నాం. దానియేలు పాత్ర తెస్తున్నాడు. ఇప్పుడు వాడు సంఘపెద్ద, మిషనాసుపత్రిలో కాంపౌండరు. ఒకప్పుడు నా దగ్గర మూడో తరగతి. ఒకరు తాగాక అంచు గుడ్డతో తుడిచి, పాత్ర కాస్త తిప్పి, పక్కవాళ్ళకిస్తాడు. నా వంతు వచ్చింది. తాగా. ద్రాక్షరసం తగలగానే బుగ్గ భగ్గుమంది.

వాడు అంచు తుడిచాడు. గుడ్డకంటిన నెత్తురు చూశాడు. నన్ను చూశాడు. గుడ్డ మడిచి ఇంకోసారి తుడిచాడు.

నా పక్కన పాస్టరమ్మ. ఆమె కూడా గుడ్డ చూసింది. ముసుగు పెదవులకు అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ వరసలో ఆ తర్వాత ఎవరూ తాగలేదు.

ఫిబ్రవరి 4

పాస్టరు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే "ఇప్పుడే తాగొచ్చినా" అన్నాడు.

"మీరు పెద్దవారు, మీకు తెలియందేముంది... వచ్చే నెల నుంచి కొంచెం చివరి చాప మీద... వేరే గ్లాసులో... సంఘ క్షేమం కోరి."

సంఘ క్షేమం కోరి. ఆ మాట నాది. ముప్పై ఏళ్ళ కిందట సంఘం మినిట్స్ పుస్తకంలో నా చేత్తో నేను రాసిన మాట. అప్పుడు కార్యదర్శిని నేను. మార్తమ్మ చేతుల మీదా మూతి చుట్టూ తెల్లమచ్చలు వచ్చినందున, సంఘ క్షేమం కోరి, ఆమెకు ప్రత్యేకంగా ఒక గ్లాసు ఏర్పాటు చేయవలెనని తీర్మానం. దొర బంగళా నుంచి నీలిగీత గాజుగ్లాసు ఒకటి తెప్పించింది కూడా నేనే. రెండేళ్ళు చివరి చాప మీద కూర్చుని దాంట్లో తాగింది. తర్వాత గుడికి రావడం మానేసింది. మనుషులు ఆమె ఇంటికి పోవడం అంతకుముందే మానేశారు.

దానియేలు తల్లి ఆమె.

అప్పట్లో అది కుష్ఠో కాదో ఎవరికి తెలుసు? తెలిసినంతలో చేశాను.

ఫిబ్రవరి 6

ఎస్తేరు నా పళ్ళెం విడిగా పెట్టింది. చెంబు విడిగా. "మీరే కడుక్కోండి మామయ్యా, ఏమనుకోబాకండి. పిల్ల ఉండాది ఇంట్లో."

"కాన్సరు అంటదు" అన్నా. నా నోటి నుంచి ఆ మాట బయటికి రావడం ఇదే మొదలు.

చీపురు చేతిలో ఉన్నదల్లా అట్లాగే నిలబడిపోయింది.

ఫిబ్రవరి 9

వెళ్ళిపోయారు. కావలి, ఎస్తేరు పుట్టింటికి. మా వాడు డ్యూటీలో ఉండగా. ఇనపపెట్టె, పలక, కోడిపుంజు కూడా. బండి మలుపు తిరిగేదాకా రూతు వెనక్కి చూస్తూనే ఉంది. "అమ్మా, తాత నోట్లో పురుగులుండాయా?" ఎస్తేరు నోరు మూసింది, ఆలస్యంగా.

ఫిబ్రవరి 12

ఆకువక్క మానేశా. రోలు గూట్లో పెట్టేశా. నోరు ఊరుకోవడం లేదు. నాలుక పోయి పోయి వాటినే తడుముతుంది. ఇప్పుడు తొమ్మిది.

ఫిబ్రవరి 15

మా వాడొచ్చాడు. ఇల్లు ఖాళీ. బొగ్గు చేతులతోనే గడపలో కూర్చున్నాడు. "నన్ను ఎవుర్ని ఇడిచిపెట్టమంటావు నాయనా?" అన్నాడు. సాయంత్రం బండికి వాడూ కావలి పోయాడు.

ఫిబ్రవరి 18

ఎవరితోనూ మాట్లాడక ఇవాళ్టికి మూడు రోజులు. పాలమనిషి చెంబు కింద పెట్టించి పైనుంచి పోస్తుంది.

ఫిబ్రవరి 21

ఇంత చదివానే. మూడు భాషలు. ఈ ఊళ్ళో నాతో సమానంగా మాట్లాడగలవాడు లేడని గర్వపడ్డానే. ఇప్పుడు నాతో మాట్లాడేవాడే లేడు.

బావి గట్టు మీద కూర్చున్నా. చాలాసేపు. నీళ్ళు దూరంగా ఉన్నాయి. లేచొచ్చా. ధైర్యం కాదు... రూతు మళ్ళీ నోరు తెరుచుకుని వచ్చి ముందు కూర్చుంటుందేమోనని.

మార్చి 1, ఆదివారం

గంట వినిపించింది. పోలేదు. తూర్పుగాలికి పాట సగం సగం వచ్చింది. రాగం తప్పు పాడుతున్నారు. చెప్పేవాడు లేడు.

మార్చి 3

ఎస్తేరు ఉత్తరం. పెన్సిలుతో.

రూతు పెదవి లోపల మూడు వచ్చాయట. నాలుక కొన మీద ఒకటి.

ఇంకేమీ చదవలేకపోయా.

మార్చి 4

నేనే. నా వేలితో నేనే పెట్టా. "తాతా, ఎర్ర!" పుస్తకం అంటదంది. పుస్తకం అంటదంటే నమ్మి, నా నోట్లోది తీసి దాని నోట్లో పెట్టా. ఏడేళ్ళ పిల్ల. దేవుడా, నన్ను తీసుకో, ఇవాళే తీసుకో... దాని జోలికి పోకు.

మార్చి 5

గొడుగేసుకుని దానియేలు ఇంటికి పోయా. ముప్పై ఏళ్ళలో ఆ గడప తొక్కింది లేదు. వాడు బనీనుతో గుమ్మంలో కూర్చుని సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నాడు.

"ఏంది అయ్యవారూ, దారి తప్పినారా?"

"రూతుకు కూడా వచ్చిందిరా" అన్నా. వీధిలో నిలబడి ఏడ్చా. నేను.

వాడు చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి టార్చిలైటూ చెంచా తెచ్చాడు. "నోరు తెరవండి. ఇంకా... బడిలో మమ్మల్ని తిట్టేటప్పుడు తెరిచినంత తెరవండి." చెంచాతో బుగ్గ పక్కకు లాగి చూశాడు. లోపలంతా నెమ్మదిగా చూశాడు. వాడి కుడిచేతి చిటికెనవేలు వంకర. నా చెంపకు తగులుతోంది.

"ఇది కాన్సరు కాదయ్యా."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. కానీ తాతకూ మనవరాలికీ ఒకే నెలలో కాన్సరు రావడం నేను యాడా చూళ్ళేదు. మీ పుస్తకంలో ఉంటే చెప్పండి."

మార్చి 10

నెల్లూరు. దానియేలు సెలవు పెట్టి నన్ను తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు బుగ్గలోది ఒకటి కత్తిరించి సీసాలో వేశాడు. పరీక్షకు మద్రాసు పంపాలట. రెండు వారాలు.

బస్సులో వాడు కిటికీ వైపు, నేను ఇటు. వెంకటాచలం నుంచి వచ్చే పెళ్ళివాళ్ళు ఎక్కి మా మధ్య ఒక ముసలమ్మను కూర్చోబెట్టారు. ఇద్దరికీ ప్రాణం తెరిపిన పడింది.

మార్చి 17

నిద్ర లేదు, ఆకలి లేదు. వాడు నన్ను ఊరడించడానికి చెప్పాడేమో. లేక, రెండు వారాలు ఆశపెట్టి ఆ తర్వాత చూద్దామనేమో. నేనైతే అదే చేసేవాణ్ణి.

మార్చి 25

వచ్చింది. కాన్సరు కాదు.

పులిపిరి లాంటిదే, నోటి చర్మంలో వచ్చేది అన్నాడు డాక్టరు. కంటికి కనపడని వైరస్ ఏదో కారణం కావచ్చు. పిల్లలకే ఎక్కువ వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం చూశాడట. ఎంగిలి వల్ల పాకుతుందేమో, గట్టిగా చెప్పలేనన్నాడు. ప్రాణానికి, చూపుకు, తిండికి దేనికీ ముప్పు లేదు. వాటంతటవే పోతాయి. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. "దీనికి ఇంకా సరైన పేరు కూడా పెట్టలేదు మేస్టారూ. పిల్లను బడికి పంపండి. మీరు పులుసు తినండి."

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయా. దానియేలు రెండు టీలు తెచ్చాడు. నా గ్లాసు ఏదో, వాడి గ్లాసు ఏదో చూడకుండానే ఒకటి తీసుకుని తాగాడు.

మార్చి 26

కావలికి పెద్ద ఉత్తరం రాసి, రైలు గార్డు చేత పంపించా.

మార్చి 28

ఎస్తేరు జవాబు. కాపీ చేస్తున్నా, చింపేయాలని బుద్ధి పుట్టకముందే.

"మీరు రాస్తే ఎవురు నమ్ముతారు మామయ్యా. మీ మనవరాలి కోసం రాసినారంటారు. ఈడ బడిలో పాప పక్కన ఎవురూ కూర్చోడం లేదు. మా అమ్మ కూడా భయపడి పాపకు వేరే గ్లాసు పెట్టింది. దాంట్లో అయితే తాగనని పాప పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. నేనూ మొన్న దాకా మిమ్మల్ని అట్టనే పెట్టినాను, నాకు తెలుసు. దానియేలన్న ఆసుపత్రి మనిషి. ఆయన గుళ్ళో అందరి ముందూ చెప్తే ఊళ్ళో ఎవురూ పాపను ఏమీ అనరు. అప్పుడు తీసుకొస్తాను."

వేరే గ్లాసు.

మార్చి 29, ఈస్టరు

గుడి అయిపోయేదాకా బయట వేపచెట్టు కింద ఉన్నా. దానియేలు రాగానే అడిగా. వచ్చే ఆదివారం, సంస్కారానికి ముందు, నాలుగు మాటలు చెప్పమని.

వాడు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటిదాకా వచ్చాడు. వసారాలో కూర్చున్నాక, "పాపకు ఏం కాదని చెప్తాను. మీకూ ఏం కాదని చెప్తాను" అన్నాడు. "ముందు మీరు చెప్పండి."

"ఏమని?"

"నన్నడుగుతారే. తెలుగు బాగా రాసేది మీరు గదా."

మినిట్స్ పుస్తకంలో సంతకాలు అయిదు ఉన్నాయన్నా. దొర కూడా పెట్టాడన్నా. అప్పుడు ఎవరికీ తెలియదన్నా.

"బొల్లి అంటుకోదని మీకు తెలుసు." గొంతు పెంచలేదు వాడు. "దొర పుస్తకం మీ దగ్గరే ఉండె. మా అమ్మ ఆ పుస్తకం కోసమే మీ ఇంటికొచ్చింది, చదివి చెప్పమని. మీరు లేదన్నారు. నేను పక్కనే ఉన్నా. బీరువాలో కనపడతానే ఉండె."

పోతూ పోతూ వంకర వేలితో సైకిలు గంట ఒకసారి కొట్టాడు. ఎందుకో.

మార్చి 30

ఈ పేజీని ఎవరూ చదవరు. కనక రాస్తున్నా.

తెలుసు. తీర్మానం రాయడానికి ముందు రోజు ఆ పేజీ చదివా. తెల్లమచ్చ, స్పర్శ ఉన్నది, అంటువ్యాధి కాదు. అంతా ఉంది. చదివి, పుస్తకం మూసి, బీరువాలో పెట్టి, పోయి తీర్మానం రాశా.

అంతకుముందే, లెక్క తప్పుచేసినందుకు పిల్లవాడి చేతి మీద రూళ్ళకర్రతో కొట్టా. వేలు విరిగింది. తల్లి పోయి దొరకు చెప్పింది. నా హెడ్మాస్టరు ఉద్యోగం పోయింది. అబద్ధం చెప్పలేదు ఆమె. అదే నాకు కోపం.

మనుషులు మాట మారుస్తారు, పుస్తకం మార్చదు అని రాసుకున్నా జనవరిలో. పుస్తకం మార్చలేదు. నిజమే.

ఆమెది అంటేది కాదు, చివరి చాప మీద కూర్చోబెట్టా. నాది అంటుతుందేమో, మొదటి చాప మీద కూర్చుని తాగా.

ఏప్రిల్ 1

బుగ్గలో కత్తిరించిన చోట మానింది. ఆరోగ్యంగా ఉన్నా. ఇంత భయం జబ్బుగా ఉన్నప్పుడు వేయలేదు.

డాక్టరు చేత కాగితం రాయించి గుడి తలుపుకు అంటిస్తే? ఎవరు చదువుతారు. పాస్టరు చేత చెప్పిస్తే? నిద్రపోతారు. రూతును వేరే ఊరి బడిలో వేస్తే? ఎన్ని దారులు వెతుకుతున్నానో, ఆ ఒక్క దారిన పోకుండా ఉండటానికి.

ఏప్రిల్ 2

దానియేలు గుడ్డసంచిలో ఏదో తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీలిగీత గ్లాసు. అంచు ఒక పక్క చిట్లింది.

గుడి బీరువాలో ఉంటుందనుకున్నా ఇన్నాళ్ళూ.

"అమ్మ పోయినాక నేను ఇంటికి తెచ్చుకున్నా. ఇంట్లో నేను దీంట్లోనే తాగతా. మా ఆవిడ ఎన్ని స్టీలు గ్లాసులు కొన్నా." లేచాడు. "ఆదివారం దాకా మీ దగ్గర ఉంచుకోండి. చెప్తే తెచ్చివ్వండి. చెప్పకపోతే ఉంచేసుకోండి."

ఏప్రిల్ 4, శనివారం

మధ్యాహ్నం నుంచి రాస్తున్నా. అయిదు కాగితాలు చింపా. మొదటి దాంట్లో దొర ఉన్నాడు. రెండో దాంట్లో ఆనాటి పరిస్థితులు. మూడోది చాలా బాగా వచ్చింది. చదువుకుంటే నా మీద నాకే జాలేసింది. చింపేశా. ఆరోదానికి ఒక్క వాక్యం మిగిలింది. మార్తమ్మది అంటుజబ్బు కాదని తెలిసే నేను తీర్మానం రాశాను. అంతే. దానికి ముందు పెట్టడానికి ఏమీ లేదు, వెనక పెట్టడానికీ ఏమీ లేదు.

మా వాడు స్టేషను నుంచి కబురు పంపాడు. రేపు పొద్దున ప్యాసింజరుకు ఎస్తేరు, రూతు దిగుతారు. నేరుగా గుడికే వస్తారట. దానియేలు చెప్పింది విని, ఇంటికి రావాలో తిరుగు బండి ఎక్కాలో అప్పుడు చూసుకుంటుందట ఎస్తేరు.

పిల్లలు ముందు కూర్చుంటారు. రూతు ఎప్పుడూ అందరికంటే ముందు, నా మోకాళ్ళకు ఆనుకుని. అక్కణ్ణుంచి తలెత్తి నా నోరే చూస్తూ ఉంటుంది, ఎర్రగా ఉందో లేదోనని.

చెప్పకపోతే అది బండెక్కుతుంది. చెప్తే అది వింటుంది.

గ్లాసు కడిగి, తాగుదామని కుండలో నీళ్ళు ముంచి పెట్టుకున్నా. చిట్లిన పక్క అటు తిప్పా. మళ్ళీ ఇటు తిప్పా. ఎండ పోయింది. నీళ్ళు అట్లాగే ఉన్నాయి.